నింపురా!

గళ్ళనుడికట్టు పూరించేవాడికి కార్ఖానాని మించిన చోటు లేదు. ఇంట్లో పేపరూ పెన్సిలూ పట్టుకుని కూర్చుంటే గ్యాసు బుక్ చేశావా అని అడుగుతారు. రైల్లో కూర్చుంటే పక్క సీటాయన మెడ సాచి, మనం నాలుక చివర పెట్టుకున్న మాటని మనకంటే ముందు పైకి అనేస్తాడు. మా విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఆ బెడద లేదు. గళ్ళ కాగితాన్ని క్లిప్‌బోర్డుకి తగిలించి, పెన్సిలు చెవిమీద దోపుకుని, కనుబొమలు ముడేసి నిలబడితే చాలు. క్వాలిటీవాడు చెక్‌షీటు రాస్తున్నాడు, ఇప్పుడు కదిపితే మన లాటు తిప్పికొడతాడు అని సూపర్‌వైజరు కూడా చప్పుడు చెయ్యకుండా తప్పుకుంటాడు. నేను నిజంగానే క్వాలిటీవాణ్ణి. అందుకని అబద్ధమాడే శ్రమ కూడా లేదు.

మొన్న ఉగాదికి మా ఊరి తెలుగువాళ్ళు వేసుకున్న చిన్న పుస్తకంలో, రాశిఫలాలకీ బట్టలకొట్టు ప్రకటనకీ మధ్య ఒక గళ్ళనుడికట్టు పడింది. పైన ‘మన ఊరు’ అని శీర్షిక. అన్ని జవాబులూ ఖరగ్‌పూర్ చుట్టూ తిరుగుతాయన్నమాట. కూర్చినవాడు మావయ్య. మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు కాదు. మా నాన్నతో పాటు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైనాయన. ఖరగ్‌పూర్‌లో వరస లేని తెలుగువాడు ఉండడు. పక్క క్వార్టరువాడు బాబాయి, ఎదురు క్వార్టరువాడు మావయ్య, ఇద్దరికీ పడకపోతే మధ్యలోవాడు అన్నయ్య.

ఇంతమంది ఇక్కడికెలా వచ్చారని కోస్తా చుట్టాలు ఇప్పటికీ అడుగుతారు. హౌరా నుంచి వాల్తేరు దాకా బెంగాల్ నాగపూర్ రైల్వే పట్టాలు పడ్డాయి. ఆ పట్టాల వెంటే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మా తాతలు వచ్చి రైల్వేలో చేరారు. ఊరెళ్ళడానికి పాసు ఉండేది, వెనక్కి రావడానికి డ్యూటీ ఉండేది, అంచేత ఎటూ పూర్తిగా పోలేదు. మేం తెలుగులో తిట్టుకుంటాం, హిందీలో బేరమాడతాం, బెంగాలీలో రాజకీయాలు మాట్లాడతాం. 2020 డిసెంబరులో బెంగాల్ ప్రభుత్వం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు మావయ్య వీధంతా స్వీట్లు పంచి, “ఇకమీదట గళ్ళనుడికట్టు కూర్చడం కూడా సర్కారీ పనేరా” అని ప్రకటించాడు. అప్పటినుంచీ ఆయన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు.

మామూలు గళ్ళనుడికట్టులో ‘సూర్యుడు (2)’ అంటే ‘రవి’ అని రాసుకుని టీ తాగొచ్చు. మావయ్యది ఆ జాతి కాదు. ఆయన ఆధారం పెళ్ళిచూపుల్లో పెద్దల మాట లాంటిది: పైకి ఒకటి వినిపిస్తుంది, లోపల లెక్క వేరే నడుస్తుంటుంది. ఈ ఆటని 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ మొదలుపెట్టినప్పుడు ఇంత మోసం లేదు. మోసం ఇంగ్లండు వాళ్ళు కలిపారు. 1926 నుంచి అబ్జర్వర్ పత్రికలో ఎడ్వర్డ్ పోయిస్ మేథర్స్ అనే ఆయన టార్కెమాడా పేరుతో పజిళ్ళు కూర్చాడు. 1939లో ఆయన పీఠం ఎక్కిన మెక్‌నట్ అనే మాస్టారు జిమెనెస్ అని పేరు పెట్టుకున్నాడు. టార్కెమాడా, జిమెనెస్ ఇద్దరూ స్పెయిన్‌లో జనాన్ని మతవిచారణ పేరుతో పీడించిన అధికారులు. అంటే తాము చేస్తున్న పనేమిటో కూర్చేవాళ్ళకి మొదట్నుంచీ స్పష్టంగా తెలుసు. మనవాళ్ళలో శ్రీశ్రీ, ఆరుద్ర లాంటి కవులు కూడా ఈ సరదాకి లొంగారు. కవిత్వం రాసేటప్పుడు పాఠకుడికి వదిలిపెట్టిన కొద్దిపాటి చోటుని గళ్ళతో మూసేశారని నా అనుమానం.

జిమెనెస్ 1966లో ఒక పుస్తకం రాసి ఈ ఆటకి రాజ్యాంగం ఏర్పాటు చేశాడు. దాని సారాంశం ఇంతే. ఆధారంలో జవాబుకి సరైన అర్థం ఒకటుండాలి. జవాబుని విడదీసో కలిపో తిరగేసో చూపించే అక్షరాల ఆట ఒకటుండాలి. ఆ రెండూ తప్ప మూడోది ఏదీ ఉండకూడదు. ఈ రాజ్యాంగం నాకు మా ప్లాంటులో పనిచేసే దాదా చెప్పాడు. దాదా ఇంగ్లీషు పేపర్లో క్రిప్టిక్ క్రాస్‌వర్డు రోజూ పూర్తిచేసే బెంగాలీ పెద్దమనిషి. తెలుగు చదవలేడు కానీ, ఖరగ్‌పూర్‌లో పుట్టాడు కాబట్టి వింటే పట్టేస్తాడు. నన్ను ‘రావు’ అంటాడు. నా పేర్లో ఎక్కడా రావు లేదు. ఇక్కడ తెలుగువాడికి ఆ పేరు పుట్టుకతో వస్తుంది, తీసెయ్యడానికి అఫిడవిట్టు కూడా పనిచెయ్యదు.

మధ్యాహ్నం భోజనం గంట కొట్టాక పార్కు గేటు బయట టీకొట్టు బల్లమీద కాగితం పరిచాం. ఒకటి అడ్డం:

‘ఖాళీ గడి చూసి ఒరే అని ఆజ్ఞ, గూడ్సులు ఆగే చోటు (3)’

నేను గూడ్సు బండ్లు ఆగే స్టేషన్లన్నీ తిరిగొచ్చాను. దాదా కళ్ళు మూసుకుని, “ఖాళీగా ఉంటే తెలుగులో ఏం చెయ్యమంటారు రావు?” అన్నాడు. “నింపమంటాం.” “స్నేహితుడైతే?” “నింపరా... నింపురా!” అని గట్టిగా అరిచాను. టీకొట్టు అబ్బాయి నా గ్లాసు మళ్ళీ నింపేశాడు. నిమ్‌పురా అంటే మా ఊరి పెద్ద గూడ్సు యార్డు. ఆ పేరున్న బోర్డు ముందు నుంచే జీవితమంతా తిరిగాను, ఆ బోర్డు నాకు పని చెబుతోందని ఎప్పుడూ తోచలేదు.

దానికి ఆనుకునే రెండు నిలువు ఉంది: ‘పుచ్చుకో, ఒక పేట ఇస్తున్నాను (2)’. ఇది చిటికెలో తెగింది. ‘ఇందా!’ అంటూ చెయ్యి చాపితే పుచ్చుకోమనే కదా. దాదా ఇల్లు ఇందాలోనే. ఖడ్గేశ్వరుడి గుడి ఉన్నది అక్కడే, ఆ స్వామి పేరు మీదే ఖరగ్‌పూర్‌కి ఆ పేరొచ్చిందంటారు. “అంటే నేను మా ఇంటి అడ్రసు చెప్పినప్పుడల్లా మీ తెలుగువాళ్ళు చెయ్యి చాపింది ఇందుకా?” అని దాదా చాలాసేపు నవ్వాడు. తర్వాత ఆలోచనలో పడ్డాడు. ఎవరెవరికి ఎన్నిసార్లు అడ్రసు చెప్పాడో లెక్క చూసుకుంటున్నట్టున్నాడు.

ఈ రెండింటిలోనూ రెండు అర్థాలు పక్కపక్కన కూర్చున్నాయి, అంతే. తర్వాతది అక్షరాల కసరత్తు: ‘మర్యాదకి మొదలు, చివరి సున్న దక్కని లంచం: మన వీధే (3)’. మర్యాదకి మొదలు ‘మ’. లంచంలో చివరి సున్న తీసేస్తే ‘లంచ’. రెండూ కలిపితే మలంచ. మలంచ రోడ్డులో తెలుగు కుటుంబాలకి కొదవ లేదు. లంచం అడిగినవాడికి చివరికి సున్న కూడా దక్కలేదన్న కథ ఒక పక్క, మాటలోంచి సున్న రాలిపోవడం ఇంకో పక్క. తెలుగులో పూర్ణబిందువునీ లెక్కల్లో శూన్యాన్నీ ఒకే పేరుతో పిలవడం కూర్చేవాళ్ళ కోసమే జరిగిందనిపిస్తుంది. దాదాకి ఇది వివరించడానికి లెక్కల సున్న, రాత సున్న రెండూ బల్లమీద టీచుక్కలతో వేసి చూపించాను. “ఇంగ్లీషువాడు చచ్చినా ఈ ఆధారం రాయలేడు” అని తీర్పు ఇచ్చాడు. మావయ్యకి ఫోన్లో ఆ మాట చెప్పడం నాకు సుతరామూ ఇష్టం లేక చెప్పలేదు.

‘అల్లరి చివర అచ్చు పోతే సంత గుండ్రం (5)’ అనేది గోల్‌బజార్. గోలలో చివరి అచ్చు తీస్తే గోల్, అంటే గుండ్రం, సంత బజారే. ఆదివారం సాయంత్రం అక్కడికి వెళ్ళినవాళ్ళకి ఆ అచ్చు ఎక్కడికీ పోలేదని తెలుసు. ‘వేయించిన టిఫినుకో తలుపు (4)’ అనేది పూరీగేటు. దానికి వివరణ అడిగినవాడు టిఫిను చెయ్యకుండా డ్యూటీకి వచ్చాడన్నమాట. ‘ఊరికి పేరై లుకలుకలాడే జనం మధ్యలో బండి (2)’ అన్నది దాగుడుమూతల జాతి. ‘పేరై లుకలుక’ అన్న మాటల మధ్య రైలు దూరి కూర్చుంది. లోకల్ రైల్లో జనం మధ్య బండి కనిపించకపోవడం మాకు అలవాటే కాబట్టి అది దొరికేదాకా మేమూ కంగారు పడలేదు.

అసలు కష్టం హిజ్లీ దగ్గర వచ్చింది. మాకు కాదు, మావయ్యకి. ఇంగ్లీషు కూర్పరికి ఇరవై ఆరు అక్షరాలు, ఎవర్ని ఎక్కడ నిలబెట్టినా ఎవరో ఒకరు అడ్డం కలుస్తారు. తెలుగులో ఒక గడికి ఒక అక్షరం, గుణింతంతో, ఒత్తుతో సహా. హిజ్లీలో రెండో గడి ‘జ్లీ’. అందులోంచి నిలువుగా ఇంకో మాట దిగాలి. బ్రౌణ్యం, శబ్దరత్నాకరం, శ్రీహరి నిఘంటువు అన్నీ తిరగేసినా ‘జ్లీ’ ఉన్న మాట ఒక్కటీ దొరకలేదని మావయ్య వాపోయాడు. రెండు రాత్రులు నిద్రపోలేదని అత్తయ్య సాక్ష్యం. చివరికి కరెంటు పోయిన ఒక వేళ ఆయనకి జ్ఞానోదయమైంది. వీధి వీధంతా ఒక్క గొంతుతో అరిచింది: “బిజ్లీ గయా!” దాంతో నిలువులో ఈ ఆధారం పడింది: ‘ఎండల్లో పోతుంది, దీపావళికి పేలుతుంది (2)’. బిజ్లీ. హిందీ మాట కదా మావయ్యా అంటే, “మన ఊళ్ళో కరెంటు ఏ భాషలో పోతే అది తెలుగే” అన్నాడు. నిఘంటువుల వాళ్ళు ఈ నిర్వచనం గురించి ఆలోచించవచ్చు.

హిజ్లీ ఆధారం మాత్రం ఆయన సరదాగా రాయలేదు: ‘తూటాలు పేలిన చోటే పాఠాలు మొదలయ్యాయి (2)’. 1931 సెప్టెంబరు 16న హిజ్లీ నిర్బంధ శిబిరంలో పోలీసులు కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు రాజకీయ ఖైదీలు చనిపోయారు. 1951లో అదే భవనంలో దేశంలోని మొదటి ఐఐటీ మొదలైంది. దాదా ఆ ఆధారం విని టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఆ తర్వాతది విన్నాక గానీ మళ్ళీ తియ్యలేదు: ‘ఊరు మొత్తం పరుస్తారు, ఇక్కడ మాత్రం పంచుతారు, పట్టాలు! (3)’. ఐఐటీ. పట్టా అంటే రైలు పట్టా, డిగ్రీ పట్టా రెండూనూ. మా ఊళ్ళో మొదటి రకం పట్టా మీద పనిచేసిన తండ్రి రెండో రకం పట్టా కొడుక్కి రావాలని కలలు కంటాడు. మా నాన్న కూడా కన్నాడు. నేను క్వాలిటీలో ఉన్నాను, ఇక ఆ సంగతి వదిలేద్దాం.

లోపలికి వెళ్ళేటప్పుడు సెక్యూరిటీ ఆయన కాగితం పట్టుకున్నాడు. తెలుగు ఆయనకి రాదు. కానీ దాదా తన వీలు కోసం పక్కన బెంగాలీలో జవాబులు రాసుకున్నాడు: నింపురా 3, ఇందా 2, మలంచ 3, పూరీగేటు 4. సెక్యూరిటీ ఆయన ఆ జాబితాని కిందికీ పైకీ చూశాడు, మా ఇద్దర్నీ చూశాడు, తన కుర్చీ వెనక్కి రమ్మని సైగ చేశాడు. పేటలూ అంకెలూ చూసి మట్కా లెక్క అనుకున్నాడన్నమాట. రిపోర్టు రాస్తాడేమోనని మేం వణుకుతుంటే ఆయన గొంతు తగ్గించి, “ఇవాళ ఏది తగులుతుంది? మూడా, నాలుగా?” అని అడిగాడు.

దాదాకి వెంటనే 1944 గుర్తొచ్చింది. నార్మండీ తీరం మీద మిత్రసేనలు దిగడానికి ముందు నెలలో, డెయిలీ టెలిగ్రాఫ్ పత్రిక క్రాస్‌వర్డులో యూటా, ఒమాహా, ఓవర్‌లార్డ్, మల్బరీ, నెప్ట్యూన్ అని వరసగా జవాబులు పడ్డాయి. అన్నీ ఆ దాడికి పెట్టుకున్న రహస్య సంకేతాలు. గూఢచారి శాఖవాళ్ళు వెళ్ళి కూర్చినాయన్ని నిలదీశారు. లియొనార్డ్ డా అనే స్కూలు హెడ్మాస్టరు ఆయన. పాపం, ఆయనకేమీ తెలియదు. గళ్ళు నింపడానికి మాటలు చెప్పండిరా అని ఆయన బడిపిల్లల్ని అడిగేవాడనీ, వాళ్ళు పక్కనున్న సైనికుల శిబిరాల్లో విన్న మాటలు తెచ్చిచ్చారనీ చాలా ఏళ్ళకి ఆయన శిష్యుడొకాయన చెప్పాడు. ఆ హెడ్మాస్టర్ని ఎవరూ నంబరు అడగలేదు. మా సెక్యూరిటీ ఆయనకి దాదా ‘మూడు’ అని చెప్పి లోపలికొచ్చేశాడు. మర్నాడు ఆయన ముఖం చూస్తే మూడు రాలేదని అర్థమైంది.

ఇక గొడవ. పన్నెండు అడ్డం: ‘ప్రపంచంలోకెల్లా పొడుగు (4)’. జవాబు ప్లాట్‌ఫారం అని గళ్ళే చెబుతున్నాయి. దాదా తల అడ్డంగా ఊపాడు. నేను మావయ్యకి ఫోన్ చేశాను.

“మావయ్యా, పన్నెండు అడ్డం తప్పు.”

“ఏట్రా తప్పు?”

“మన ప్లాట్‌ఫారం 1072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ వాళ్ళు 1366 మీటర్లది కట్టారు. 2023లో హుబ్బళ్ళిలో 1507 మీటర్లది వచ్చింది. మనం ఇప్పుడు మొదటివాళ్ళం కాదు.”

“వాళ్ళకి ఆ అర మీటరుందేట్రా?”

“మావయ్యా...”

“ఇదిగో, నేను ఆ ప్లాట్‌ఫారం ఈ కొస నిలబడి చూశాను. ఆ కొస కనపడలేదు. కనపడనంత పొడుగుని మించిన పొడుగు ఇంకేటుంటది?”

“‘ఒకప్పుడు’ అని ఒక్క మాట చేర్చకూడదా?”

“నీకు పెళ్ళప్పుడు జుట్టుండేది. ఫొటో కింద ‘ఒకప్పుడు’ అని రాయించావా?” అని పెట్టేశాడు.

నా తీర్పు ఇక్కడ చెప్పేస్తాను. మావయ్య అంటే ఎంత గౌరవమున్నా ఆ ఆధారం చెల్లదు. అక్షరాల ఆటలో ఎంత దగా చేసినా చెల్లుతుంది, అర్థం చెప్పే సగంలో మాత్రం నిజం ఉండాలి. అది లేకపోతే పూరించేవాడు కూర్చేవాణ్ణి నమ్మడం మానేస్తాడు. ఊరి మీద ప్రేమ ఉన్నవాడికి ఆ అర్థం మార్చడానికి చెయ్యి రాదు కాబట్టి, సొంత ఊరి మీద పజిలు కూర్చేవాడికి ఒక పరాయి ఊరివాడు పరిశీలకుడుగా ఉండాలి. హుబ్బళ్ళివాడు దొరికితే మరీ మంచిది.

అదే మావయ్య అర్థం సరిగ్గా పట్టిన చోట ఎంత బాగా కొడతాడో చూడండి. ‘టికెట్ల వెనక తిరిగి, వికెట్ల వెనక నిలిచాడు (2)’: ధోనీ. 2001 నుంచి కొన్నేళ్ళు ఆయన మా స్టేషన్లో టికెట్ కలెక్టరు ఉద్యోగం చేశాడు. ఊళ్ళో ఏ వీధికెళ్ళినా ఆయన బంతి తగిలి పగిలిన కిటికీ కథ ఒకటుంటుంది. అన్నీ నిజమైతే ఆయనకి డ్యూటీకి టైమెక్కడిదో తెలియదు. ‘ఎటునుంచి చదివినా వీడ్కోలే, అయినా పొద్దున్నే రమ్మంటుంది (2)’: టాటా. ఎక్స్‌కవేటర్లు తయారుచేసే టాటా హిటాచీ ప్లాంటు ఇక్కడే కాబట్టి ఈ ఆధారం మా ఊళ్ళో అందరికీ తగులుతుంది.

ఇంక మొత్తం కాగితంలో నాకు అన్నిటికంటే నచ్చింది రెండు గళ్ళ బుడత:

‘మర తిరిగితే లక్ష్మి (2)’

మర అనే మాటని వెనక్కి తిప్పితే రమ. రమ అంటే లక్ష్మీదేవి. ఇంగ్లీషు పజిళ్ళలో వెనక్కి తిప్పమని చెప్పడానికి ‘తిరిగితే, ఎదురొస్తే, తలకిందులైతే’ లాంటి మాట ఒకటి పెడతారు, ఇక్కడ అది ‘తిరిగితే’. ఆ సంగతి పక్కన పెట్టి ఇంకోసారి చదవండి. మిషను తిరుగుతుంటేనే డబ్బు. పార్కులో ఏ షెడ్డు గోడ మీదైనా పెద్దక్షరాలతో రాసుకోవచ్చు. దీంట్లో ఆట మొదటి రెండు మాటల్లో, అర్థం చివరి మాటలో ఉన్నా, రెండూ కలిసి ఒక నిజం చెబుతాయి. ఇలాంటివి జిమెనెస్ పీఠంలో కూడా అరుదని దాదా అన్నాడు. అదే వేళకి మా లైన్లో కన్వేయరు ఆగింది. మెయింటెనెన్సువాళ్ళు పానాలు పట్టుకుని పరిగెత్తారు. “మర తిరగట్లేదు, లక్ష్మి ఎక్కడిది” అని నేను పైకే అన్నాను. సూపర్‌వైజరు దాన్ని రిజిస్టర్లో ఎక్కించబోయి, ఏ కాలమ్‌లో రాయాలో తెలియక ఊరుకున్నాడు.

మిగిలిన మూలంతా విద్యాసాగరుడిది. ‘కలప తిరగేస్తే ఓనమాలు దిద్దుకోవచ్చు (3)’ అంటే పలక. క, ల, ప అని వెనక నుంచి చదువుకోండి. బెంగాలీ పిల్లలకి 1855లో ‘వర్ణపరిచయ్’ అనే వాచకం రాసిచ్చినవాడు ఈశ్వరచంద్ర విద్యాసాగరుడే. ఆయన పుట్టిన బీర్‌సింగ్ గ్రామం ఇప్పుడు మా పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో ఉంది. అందుకే పార్కుకి ఆయన పేరు. పలక కిందే మమ్మల్ని ఏడిపించిన ఆధారం:

‘బంతి ఊరి పంతులు, దక్షిణాది సాగరం (4)’

నేను బంతి దగ్గర ఆగిపోయి బంతిపూల తోటలన్నీ చుట్టాను. దాదా సాగరం దగ్గర ఆగాడు. “మా విద్యాసాగరుడు కాక దక్షిణాదిలో ఇంకో విద్యాసాగరుడు ఉన్నాడా?” అని ఆయన అడగడమే తరువాయి, నాకు రాజమండ్రి కనిపించింది. 1856లో వితంతు వివాహ చట్టం రావడానికి పోరాడినవాడు విద్యాసాగరుడైతే, 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించినవాడు వీరేశలింగం పంతులు. దక్షిణదేశ విద్యాసాగరుడని ఆయన్ని పిలిచేవారు. ఇంటిపేరు కందుకూరి. కందుకం అంటే బంతి. కందుక, ఊరి: సంధి చేస్తే కందుకూరి.

అకార సంధి అని నేను మురిసిపోతుండగా నాలోని తెలుగు మాస్టారి శిష్యుడు లేచాడు. కందుకం సంస్కృతం, ఊరు తెలుగు. ఆ రెంటినీ ఇలా కలిపితే చిన్నయసూరి సంప్రదాయం వాళ్ళు వైరి సమాసమని బెత్తం తీస్తారు. మావయ్యకి మళ్ళీ ఫోన్. ఈసారి ఆయన కోప్పడలేదు. “నువ్వు నిన్న అన్నం తిని డ్యూటీకెళ్ళావా, భాత్ తిని వెళ్ళావా?” అన్నాడు. ఆలోచిస్తే, నేను ‘డబ్బాలో భాతూ పప్పూ పెట్టు’ అని చెప్పి వెళ్ళాను. “పట్టాలెక్కి వచ్చినకాడ్నుంచీ మన బతుకంతా వైరి సమాసమేరా. ఒక్క కందుకూరి దగ్గరే బెత్తం తీస్తే ఎలా?” అన్నాడు. చిన్నయసూరి రైల్వేలో పనిచేసి ఉంటే సూత్రం ఇంకోలా రాసేవాడన్నది మావయ్య నమ్మకం. కాదని నేనూ అనలేను.

చిట్టచివరికి కింది కుడి మూల. అడ్డంగా ‘పాత ఉగాది పేరు, గర్వానికి మొదలు, ఆపైన పూర్తికాని పూర్తి: ఇదే మన ఊరు (5)’. 2011లో వచ్చిన ఉగాది ఖరనామ సంవత్సరం. గర్వానికి మొదలు గ. పూర్తిని పూర్తి కానివ్వకుండా ‘తి’ దగ్గర ఆపితే పూర్. ఖరగపూర్. గకి పొల్లు పెట్టాలని స్టేషను బోర్డు వాదిస్తుంది, నేనూ వాదించాను, గెలవలేదు. నిలువుగా ‘ఊయల లేని పార్కుకి అలలు లేని సాగరం (5)’: విద్యాసాగర్. ఊరు ఎడమ నుంచి నడిచొచ్చింది, పార్కు పై నుంచి దిగొచ్చింది, రెండూ ఒకే గడిలో ఒకే ‘ర్’ మీద నిలబడ్డాయి. తెలుగులో పొల్లుతో ముగిసే మాటలు కూర్చేవాడికి శాపం. అడ్డం నిలువు రెంటినీ తెచ్చి ఒకే మూలలో కట్టేసి మావయ్య శాపాన్ని వరం చేసుకున్నాడు. వర్క్‌షాపులో జీవితమంతా బోల్టులు బిగించిన చెయ్యి అది. ప్లాట్‌ఫారం తప్పు దీంతో సగం మాఫీ చేశాను. మిగతా సగం హుబ్బళ్ళివాళ్ళు చెయ్యాలి.

ఇంకో ఆధారం ఉంది. నాకూ దాదాకీ తెలిసిపోయింది, కావాలనే మీకు వదిలేస్తున్నాను: ‘పడిపోయి, సాయంత్రానికి చేతికొచ్చేది (2)’. ఒకే మాటకి రెండర్థాలు, రోజూ వాడే మాటే. తెలియకపోతే పక్కవాళ్ళని అడగండి గానీ మావయ్యని మాత్రం అడక్కండి. జవాబు చెప్పడు సరికదా, కొత్త కాగితం ఒకటి జిరాక్సు తీసి చేతిలో పెడతాడు.